స్మాల్ హీత్‌లో ఒక ఇనుప సాక్ష్యం

బర్మింగ్‌హామ్ నగర కేంద్రం నుండి ఆగ్నేయంగా సాగే కోవెంట్రీ రోడ్డు వెంట వెళితే స్మాల్ హీత్ అనే పేట వస్తుంది. రోడ్డుకు ఇరుప్రక్కలా హలాల్ మాంసపు దుకాణాలు, బట్టల కొట్లు, మిఠాయి అంగళ్ళు కనిపిస్తాయి. ఉర్దూ, పంజాబీ, బెంగాలీ, సోమాలీ మాటలు ఒకదాని వెంట ఒకటి చెవిన పడతాయి. కొంత దూరాన గ్రీన్ లేన్ మస్జిద్ ఉంది. సుమారు నూట ఇరవై ఏళ్ళ కిందట పురపాలక గ్రంథాలయంగా, స్నానశాలగా కట్టిన ఎర్ర ఇటుకల భవనమది. గడియారపు గోపురం ఇప్పటికీ అలాగే నిలిచి ఉంది. ఒకప్పుడు పుస్తకాలు చదివిన చోట ఇప్పుడు ఖుర్‌ఆన్ పఠనం సాగుతోంది. అక్కడ అసర్ నమాజు చేసుకుని బయటికి వచ్చాక మా మేనల్లుడు నన్ను నడిపించుకుంటూ ఆర్మరీ రోడ్డు వైపు తీసుకువెళ్ళాడు.

"మామూ, మన ఇంటి బండి పుట్టిన ఊరు ఇదే" అన్నాడు.

అక్కడ చూడడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. చిన్న చిన్న గోదాములు, కంచెలు, రైలు పట్టాలు, కాలువ. కాని ఒకప్పుడు ఈ నేల మీద బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే బి.ఎస్.ఏ. కంపెనీ ఉండేది. 1861లో నగరంలోని తుపాకుల తయారీదారులు కలిసి స్థాపించిన సంస్థ అది. తుపాకులతో మొదలుపెట్టి, సైకిళ్ళు చేసి, 1910 నాటికి మోటారు సైకిళ్ళకు వచ్చింది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల బొమ్మే చివరిదాకా దాని గుర్తు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ కార్ఖానా విమానాలకు బ్రౌనింగ్ మర తుపాకులు కూడా తయారు చేసింది. అందువల్లే జర్మన్ విమానాలు దీన్ని గురిపెట్టాయి. 1940 నవంబరు 19 రాత్రి పడిన బాంబులకు కట్టడం కూలి, రాత్రి పనిలో ఉన్న 53 మంది కార్మికులు మరణించారు. 89 మంది గాయపడ్డారు. దానికి అయిదు రోజుల ముందే పొరుగున ఉన్న కోవెంట్రీ నగరం తగలబడిపోయింది. అక్కడి ట్రయంఫ్ మోటారు సైకిళ్ళ కార్ఖానా కూడా ఆ మంటల్లోనే పోయింది.

పాఠకులకు ఒక సందేహం రావచ్చు. మద్రసాలో హదీసు పాఠాలు చెప్పుకునే మనిషికి ఈ యంత్రాల గొడవ ఎందుకని. ఆ సంగతి చెప్పాలంటే కర్నూలులోని మా పాత ఇంటికి రావాలి.

మా దాదాజాన్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో భారత సైన్యపు సిగ్నల్స్ దళంలో పనిచేశారు. టెలిఫోను తీగలు తెగిపోయిన చోట, వైర్‌లెస్ వాడకూడని చోట, వర్తమానాలను మోటారు సైకిలు మీద మోసుకువెళ్ళే రౌతులు ఆ దళంలో ఉండేవారు. మా పెరట్లో రేకుల కొట్టం కింద ఒక బి.ఎస్.ఏ. ఎం20 బండి ఉంది. ఆయన బర్మా అడవుల్లో వర్తమానాలు మోసింది ఆ బండి మీదనే అని మా ఇంట్లో అందరి నమ్మకం. పెళ్ళిళ్ళలో, పండుగల్లో మా ఆపా ఆ కథ చెప్పని సందర్భం లేదు. నేనూ నా విద్యార్థులకు ధైర్యం గురించి చెప్పేటప్పుడు రెండు మూడు సార్లు ఆ బండి ప్రస్తావన తెచ్చాను.

నిరుడు ఆ ఇంటి పైకప్పు కురవడం మొదలైంది. ఎనభై దాటిన మా చాచా అందులోనే ఉంటున్నారు. అదే సమయంలో హైదరాబాదు నుండి పాత బండ్లు సేకరించే ఒక పెద్దమనిషి వచ్చి, యుద్ధంలో తిరిగిన బండి అయితే మంచి ధర ఇస్తానన్నాడు. ఆ సొమ్ముతో కప్పు మొత్తం మార్చవచ్చు. అయితే అతడు ఒక షరతు పెట్టాడు. అది నిజంగా యుద్ధకాలపు బండేనని కాగితం కావాలి. బర్మింగ్‌హామ్‌లో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఇలాంటి బండ్లనే బాగుచేసే మా మేనల్లుడు ఆ కాగితం తాను సంపాదిస్తానన్నాడు. ఎలాగూ నేను వాడి దగ్గరికి వెళ్ళవలసి ఉంది. బండి మీది అంకెల ఫొటోలు తీసుకుని ప్రయాణమయ్యాను. ఆ అంకెలకు అర్థం నాకు అప్పుడు తెలియదు.

వాడి పనిచోటు ఒక ఇంటి వెనుక ఉన్న చిన్న షెడ్డు. మధ్యలో స్టాండు మీద మరొకరి ఎం20 బండి ఉంది. "ముందు ఈ బండిని చూడండి, మామూ. తరువాత మనదాన్ని చూద్దాం" అన్నాడు.

ఎం20 అందమైన బండి కాదు. 496 సీసీల ఒకే సిలిండరు, అణకువగా నడిచే సైడ్ వాల్వ్ ఇంజను, సుమారు 165 కిలోలకు పైబడిన బరువు. వేగం తక్కువ. నేలకు దాని అడుగుకు మధ్య ఎడం కూడా తక్కువ. యుద్ధం మొదట్లో సైనికులు దీన్ని తిట్టుకున్నారట. కాని ఎక్కడ పడితే అక్కడ బాగుచేసుకోవచ్చు, నాసిరకం పెట్రోలు పోసినా కదులుతుంది. యుద్ధకాలంలో దాదాపు 1,26,000 ఎం20 బండ్లు తయారయ్యాయి. ఉత్తర ఆఫ్రికా ఎడారిలోనూ, ఐరోపాలోనూ, మన ఉపఖండంలోనూ ఇవి తిరిగాయి. యుద్ధం ముగిశాక కూడా చాలాకాలం బ్రిటిష్ సైన్యం వీటిని విడిచిపెట్టలేదు.

లక్షకు పైగా తయారైన బండికి అరుదు అనే విలువ ఎక్కడిదని అడిగాను. "తయారైనవి లక్ష, మామూ. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే మిగిలినవి చాలా తక్కువ. తక్కువైనదానికి ధర పెరుగుతుంది. ధర పెరిగిన చోట అబద్ధం మొదలవుతుంది" అన్నాడు.

ఆ అబద్ధాన్ని పట్టుకునే పద్ధతులను వాడు ఒక్కొక్కటిగా చూపించాడు. మొదటిది రంగు. పెట్రోలు టాంకు మీద గోరంత చోటును సన్నని ఉప్పుకాగితంతో నీరు చల్లుతూ నెమ్మదిగా రుద్దాడు. చెట్టు మొదలులో వలయాల్లాగ పొరలు బయటపడ్డాయి. పైన యుద్ధం తరువాత ఎవరో వేసిన నల్లరంగు. దాని కింద ఆలివ్ ఆకుపచ్చ. 1944 నుండి బ్రిటిష్ సైన్యం వాడిన రంగు అది. దాని కింద మట్టివంటి గోధుమ రంగు. ఆకుపచ్చ రంగుకు కావలసిన క్రోమియం ఆక్సైడు కరువైనప్పుడు సైన్యం ఈ గోధుమ రంగుకు మారింది. అన్నిటికన్నా అడుగున, ఇనుమును అంటుకుని, యుద్ధపు తొలినాళ్ళ ఖాకీ ఆకుపచ్చ. "ఈ వరుస తలకిందులైతేనో, పొరలు లేకుండా ఆలివ్ రంగు కిందనే కొత్త ఇనుము కనిపిస్తేనో, అనుమానించాలి" అన్నాడు. టాంకులు, మడ్‌గార్డులు, పనిముట్ల పెట్టెలు పాత నమూనా ప్రకారం ఇప్పుడు కొత్తగా తయారవుతున్నాయి. వాటిలో చాలా భాగం మన దేశంలోనే తయారై ఇంగ్లండుకు వస్తున్నాయని విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది.

రెండవది విడిభాగాలు. 1942లో మలయా జపాను వశమై రబ్బరు రావడం ఆగిపోయింది. ఆ తరువాత తయారైన బండ్ల హ్యాండిలుకు రబ్బరు పిడుల స్థానంలో కాన్వాసు గుడ్డ పిడులు వచ్చాయి. కాలు మోపే చోట ఉత్తి ఇనుము వచ్చింది. ఎడారి దుమ్మును ఆపడానికి టాంకు మీద పెద్ద డబ్బా వంటి గాలి వడపోతను బిగించారు. ఒక బండిలో ఏ భాగం ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టి దాని వయసును ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. ఉజ్జాయింపుగా మాత్రమే. ఎందుకంటే సైనిక వర్క్‌షాపుల్లో పది బండ్లు విప్పి, ఏది చేతికి అందితే దాన్ని బిగించి పది బండ్లు బయటికి పంపేవారు. ఇంజను ఒకదానిది, చట్రం ఒకదానిది కావడం మోసానికి గుర్తు కాదు.

మూడవది అంకెలు. ఇంజను మీద ఒకటి, హ్యాండిలు కింద ఉండే మెడ భాగంలో చట్రం మీద ఒకటి, సుత్తితో అచ్చులు కొట్టి వేసినవి. యుద్ధకాలంలో సైన్యం బండికి వేరే అంకె కూడా ఇచ్చేది. 'సి' అక్షరంతో మొదలయ్యే ఆ అంకెను టాంకు మీద తెల్లరంగుతో వ్రాసేవారు. చట్రం మీది అంకెను ఆకురాయితో అరగదీసి కొత్త అంకె కొట్టేవారు ఉన్నారు. కాని ఇనుముకు జ్ఞాపకశక్తి ఉంది. అచ్చు పడినప్పుడు దాని కింది లోహం లోతుగా నలిగిపోతుంది. పైన అరగదీసినా, తగిన ఆమ్లం పూస్తే ఆ నలిగిన చోటు పాత అంకెను నీడలాగ చూపించగలదు. కార్ఖానా అచ్చుల అక్షరాల వంపు తెలిసినవారు కంటితోనే తేడా పట్టగలరు.

వింటున్నంతసేపూ నాకు తరగతి గదిలో కూర్చున్నట్లే అనిపించింది. మేము ఉసూలె హదీస్ బోధించేటప్పుడు రెండు విషయాలు విడివిడిగా పరీక్షిస్తాము. ఒకటి సనద్. అంటే ఈ మాట ఎవరి నుండి ఎవరికి అందింది, మధ్యలో గొలుసు తెగిందా అన్నది. రెండవది మతన్. అంటే ఆ మాట తనకు తాను, తెలిసిన సత్యాలతో పొసగుతుందా అన్నది. చెప్పినవాడు సత్యవంతుడైతే చాలదు, అతడి జ్ఞాపకం కూడా గట్టిదై ఉండాలి. సత్యవంతుడైన మనిషి మరచిపోవచ్చు, కలిపి చెప్పవచ్చు. ఇనుము విషయంలో మా మేనల్లుడు చేస్తున్నది నా కంటికి అదే పరిశీలన.

ఆ రాత్రి భోజనాల తరువాత మన బండి ఫొటోలు చూపమన్నాడు. మొదటి ఫొటో చూసి కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నాడు:

"మామూ, యుద్ధకాలపు ఎం20కి ముందు రెండు ఇనుప కడ్డీల చట్రం, దాని మధ్య ఒక స్ప్రింగు ఉంటాయి. మన బండికి గొట్టంలో గొట్టం దూరే టెలిస్కోపిక్ ఫోర్కు ఉంది. ఎం20కి అది 1948లో వచ్చింది. అయితే ఎవరైనా తరువాత మార్చి ఉండవచ్చు. దాన్నిబట్టి తీర్పు చెప్పకూడదు."

చట్రం మీది అంకె ఫొటోను పెద్దది చేశాడు. అంకెకు ముందు 'జెడ్' అక్షరం ఉంది. బి.ఎస్.ఏ. వారు అంకెకు ముందు ఒక అక్షరం వేసేవారు. 1939 నాటివాటికి 'కె', యుద్ధకాలంలో సైన్యానికి చేసినవాటికి 'డబ్ల్యూ'. 'ఎక్స్', 'వై', 'జెడ్' అక్షరాలు యుద్ధం ముగిశాక వచ్చినవి. ఇంజను మీద కూడా అదే 'జెడ్' ఉంది.

నా మనసు ఒప్పుకోలేదని దాచను. అచ్చు అరిగి 'డబ్ల్యూ' అలా కనిపిస్తుందేమో అన్నాను. ఎవరైనా తిరిగి కొట్టారేమో అన్నాను. నా విద్యార్థి ఎవరైనా తనకు ఇష్టమైన రివాయతును కాపాడుకోవడానికి ఇలాంటి సాకులు చెబితే నేను ఊరుకోను. మేనల్లుడు వాదించలేదు. "కార్ఖానా పుస్తకాలు ఉన్నాయి. వాటినే అడుగుదాం" అన్నాడు.

పాత మోటారు సైకిళ్ళ అభిమానులు 1946లో ఏర్పరచుకున్న వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ కేంద్రం బర్టన్ అనే ఊళ్ళో ఉంది. బి.ఎస్.ఏ. కార్ఖానా నుండి ఏ బండి ఏ రోజు ఎక్కడికి వెళ్ళిందో వ్రాసిన పుస్తకాలను వారే భద్రపరుస్తున్నారు. కార్ఖానా 1970లలో మూతపడి నేలమట్టమైనా ఆ పుస్తకాలు మిగిలాయి. బర్టన్ బీరు తయారీకి ఇంగ్లండు అంతటా పేరున్న ఊరు. రైలు దిగగానే బార్లీ ఉడుకుతున్న వాసన వచ్చింది. సత్యం వెతుక్కుంటూ ఇలాంటి ఊరికి రావలసి వచ్చిందని ఇద్దరం నవ్వుకున్నాము. ముందుగా వ్రాసి అనుమతి తీసుకున్నాం కనుక అక్కడివారు వివరాలు సిద్ధం చేసి ఉంచారు. జాబితా వరుసలో మన చట్రం అంకె, ఇంజను అంకె పక్కపక్కనే ఉన్నాయి. 1950లో బొంబాయిలోని ఒక డీలరుకు పంపినట్లు నమోదై ఉంది. సైన్యం ప్రస్తావన లేదు.

మా బండి యుద్ధాన్ని చూడలేదు. అది పుట్టేనాటికి యుద్ధం ముగిసి అయిదేళ్ళయింది.

తిరుగు రైలులో చాలాసేపు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఇంటి కథకు సనద్ ఏమిటని నన్ను నేను అడుగుకున్నాను. నేను విన్నది మా అబ్బాజాన్ నుండి. ఆయన ఎవరి నుండి విన్నారు? యుద్ధం ముగిసేనాటికి ఆయన ఏడేళ్ళ పిల్లవాడు. దాదాజాన్ స్వయంగా ఆ మాట అన్నారని ఆయన ఎన్నడూ నాతో చెప్పలేదు. దాదాజాన్ సైన్యంలో పనిచేయడం నిజం. ఆయన దగ్గర బండి ఉండడం నిజం. ఈ రెండు నిజాలను ఎవరి ప్రేమో ఒకచోట కట్టి ముడివేసింది. ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు, కాని గొలుసు తెగి ఉంది. ముప్పై ఏళ్ళుగా గొలుసులు పరీక్షించడం నేర్పుతున్న నేను ఇంటి గొలుసును ఒక్కసారి కూడా తడిమి చూడలేదు.

మేనల్లుడు ఒక మాట అన్నాడు. వాడి వృత్తిలో అందరూ ఒకేలా ఉండరు. నార్మండీ తీరంలో దిగిన బండి అని చెప్పి అమ్మినదాన్ని పరిశీలిస్తే, దాని టాంకు నిన్నమొన్న తయారైనదని తేలిన సందర్భం వాడికి ఎదురైంది. "మన బండికి కూడా పాత ఫోర్కు బిగించి, రంగు వేసి, అంకె గురించి మాట్లాడకుండా ఊరుకునేవారు ఉంటారు, మామూ" అన్నాడు. వాడు అలా చేద్దామనలేదు. నేను ఏమంటానోనని నా ముఖం చూశాడు. మదీనా బజారులో ప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల దాచిన తడిని పైకి తెచ్చిన సంఘటన నాకు గుర్తుకు వచ్చింది. పై గింజలు ఎండినవే, లోపలిది తడి. మా బండి పైన కథ, లోపల 'జెడ్' అక్షరం.

కర్నూలు చేరగానే ముందుగా హైదరాబాదు పెద్దమనిషికి ఫోను చేసి కాగితంలో ఉన్నది ఉన్నట్లు చదివి వినిపించాను. ఆయన నొచ్చుకోలేదు. 1950 నాటి బండికి కూడా విలువ ఉంటుందని, అయితే తాను అనుకున్న ధరలో మూడో వంతుకు మించి ఇవ్వలేనని అన్నాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

కష్టమైన పని చాచా గది గుమ్మం దాటడమే. మగ్రిబ్ తరువాత ఆయన మంచం దగ్గర కూర్చుని కార్ఖానా పుస్తకపు నకలు చేతికిచ్చి, విషయమంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితాన్ని పట్టుకునే ఉన్నారు. తరువాత నెమ్మదిగా అన్నారు:

"అబ్బా యుద్ధం నుండి వచ్చిన రోజు స్టేషను నుండి నడిచే వచ్చారని అమ్మీ చెప్పేది. బండి ఉంటే నడిచి ఎందుకు వస్తారు? ఇన్నేళ్ళలో ఆ రెండు మాటలను నేను కలిపి చూడనే లేదు."

ఆపైన ఆయన తన ఇనుప పెట్టె తెరిపించారు. అడుగున గుడ్డలో చుట్టిన ఒక పాత కాగితం ఉంది. దాదాజాన్ సైన్యం నుండి విడుదలైనప్పుడు ఇచ్చిన పుస్తకం. పేరు, దళం, చేరిన తేదీ, విడుదలైన తేదీ, పై అధికారి సంతకం అన్నీ ఉన్నాయి. ఆంగ్లంలో ఉండడం వల్ల ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. బండికి ప్రతి శుక్రవారం దుమ్ము దులిపాము. దాదాజాన్ సేవకు అసలైన సాక్ష్యాన్ని మాత్రం చెదలకు వదిలివేయబోయాము. అల్హమ్దులిల్లాహ్, అది ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

బండిని అమ్మవద్దని చాచా నిర్ణయించారు. "యుద్ధానికి పోయి ప్రాణాలతో వచ్చినవాడు తన సంపాదనతో కొనుక్కున్న బండి ఇది. నాకు ఇది చాలు" అన్నారు. కప్పుకు డబ్బు మేము నలుగురం అన్నదమ్ముల పిల్లలం తలా కొంత వేసుకున్నాము. సగం కప్పు మారింది. మిగిలిన సగానికి ఈ వానాకాలం పట్టా కప్పాము. మా ఆపా మాత్రం నాతో రెండు వారాలు సరిగా మాట్లాడలేదు. మొన్న ఒక పెళ్ళిలో ఆమె పాత కథ మొదలుపెట్టి, మధ్యలో నన్ను చూసి ఆగి, "బండి తరువాతది లెండి, యుద్ధం మాత్రం నిజం" అని పూర్తి చేసింది.

మీ ఇళ్ళలోనూ పెద్దల నుండి వచ్చిన వస్తువులు, వాటి కథలు ఉంటాయి. పెద్దవారు మన మధ్య ఉన్నప్పుడే వారి దగ్గర కూర్చుని, ఎవరు చూశారు, ఎవరు విన్నారు, ఎప్పుడు అన్నది అడిగి వ్రాసి పెట్టుకోండి. పెట్టె అడుగున ఉన్న కాగితాలను ఒకసారి విప్పి చదివించండి. వాటిలో ఏముందో తెలుసుకోవడానికి మాలాగ బర్మింగ్‌హామ్ దాకా వెళ్ళవలసిన అవసరం మీకు రాకపోవచ్చు.